శివరాత్రి దాటింది: ఉన్ని బట్టలు లోపలికి, అమ్మమ్మ చీరలు బయటికి. విశాఖలో దీన్ని ఎలా సర్దుకోవాలి?

మళ్లీ_విశాఖ
ఆరేళ్లు ఢిల్లీలో ఉద్యోగం చేసి, పోయిన శ్రావణంలో ఎంవీపీ కాలనీలోని మా ఇంటికి తిరిగి వచ్చాను. వచ్చేటప్పుడు రెండు పెద్ద పెట్టెల నిండా చలిబట్టలు తెచ్చుకున్నాను. నాలుగు స్వెటర్లు, మోకాళ్ల దాకా వచ్చే ఒక ఉన్ని కోటు, రెండు శాలువాలు, ఒక లెదర్ జాకెట్, రెండు కార్డురాయ్ ప్యాంట్లు ఉన్నాయి. ఈ చలికాలమంతా గడిచినా శాలువా తప్ప మరొకటి తీయవలసిన అవసరం రాలేదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు అంటారు కానీ, ఈసారి మా వీధిలో అంతకన్నా ముందే పోయింది.

నిన్న బీరువా సర్దుతుంటే అటక మీది అమ్మమ్మ ట్రంకు పెట్టె కూడా దింపాను. అందులో పదకొండు చీరలు ఉన్నాయి. వాటిలో ఒకటి గద్వాల, రెండు వెంకటగిరి, ఒకటి జరీ పట్టుచీర అని గుర్తుపట్టాను. తొమ్మిది గజాల నేతచీరలు రెండున్నాయి, అవి ఎక్కడివో మా అమ్మకు కూడా తెలియదు. ప్రతి ఉగాదికీ నేను ఐదారు వేల రూపాయల కొత్త బట్టలు కొంటాను, మరుసటి ఉగాది నాటికి వాటిలో సగం రంగు వెలిసో, కుట్లు ఊడిపోయో మూలకు చేరతాయి. ఈ సంవత్సరం ఒక్క కొత్త బట్ట కూడా కొనకుండా, ఉన్నవాటితోనూ అమ్మమ్మ పెట్టెతోనూ వేసవి మధ్య దాకా నడపాలని నిశ్చయించుకున్నాను. వారానికి మూడు రోజులు రుషికొండలో ఆఫీసుకు వెళ్లాలి. చలిబట్టలను ఈ ఉప్పుగాలిలో ఎలా దాచాలి? పాత చీరలను ఎలా వాడుకలోకి తేవాలి? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

పాత_భోషాణం
తల్లీ, ముందు ఆ చీరలను కట్టుకోవాలన్న తొందరలో విదిలించి దులపవద్దు. నేల మీద చాప వేసి, దాని మీద ఉతికిన తెల్లని దుప్పటి పరిచి, ఒక్కొక్క చీరను దాని మీదే నెమ్మదిగా మడత విప్పాలి. పట్టుచీర ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే, ఆ మడత గీత వెంబడే దారం పెళుసుబారి చిట్లిపోతుంది. కిటికీ వెలుతురుకు ఎదురుగా మడత గీతను పట్టి చూస్తే సన్నటి వెలుగు చారలు కనబడతాయి. అవి కనబడితే ఆ చీర కట్టడానికి పనికిరాదని అర్థం. కట్టుకుని కూర్చున్న మొదటిసారే అది మోకాళ్ల దగ్గర చీలిపోతుంది. అటువంటి దాని అంచును, కొంగును మాత్రం విడదీసి మరొక చీరకు వేయించుకోవచ్చు.

గద్వాలను మరింత జాగ్రత్తగా చూడాలి. దాని ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ మగ్గం మీదే పోగుకు పోగు పెనవేసి కలుపుతారు. దానినే కుప్పడం అంటారు. నూలు ఒక తీరుగా, పట్టు ఒక తీరుగా ముడుచుకుంటాయి కాబట్టి పాత గద్వాల మొదట విడిపోయేది ఆ అతుకు దగ్గరే. చేతివేళ్లతో అంచు పొడవునా తడిమి చూడు. ఎక్కడైనా వదులుగా తగిలితే రఫ్ఫు చేసేవారికి ఇవ్వు, ఇంట్లో సూది పెట్టకు.

పరీక్ష అయ్యాక, గాలి తగిలే నీడలో ఒక పూట దండెం మీద వేయాలి. ఎండలో వేయకూడదు. మా అత్తగారు మార్గశిరంలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి ఒకసారి, ఉగాదికి ముందు మరొకసారి పట్టుచీరలన్నీ తీసి మడతలు మార్చేవారు. ఆవిడ పోయి పద్నాలుగేళ్లయినా ఆ చీరలు నేను ఈనాటికీ కడుతున్నాను.

గాజువాక_గీత
తొమ్మిది గజాల చీరలు ఈ రోజుల్లో ఎవరు కడతారండీ? వాటిని కత్తిరించి పొడవాటి కుర్తాలు కుట్టించుకుంటే ఆఫీసుకు చక్కగా వేసుకోవచ్చు. మా వదిన తన అమ్మమ్మ పట్టుచీరతో ఒక అనార్కలి కుట్టించుకుంది, పెళ్లిలో అందరూ అదే అడిగారు.

పాత_భోషాణం
గీతా, నీ మాట కాదనడానికి నాకు మనసొప్పదు కానీ, ఒకసారి కత్తెర పడిన చీర మళ్లీ చీర కాదు. అనార్కలి ఒక్కరి కొలతకే సరిపోతుంది. చీర అయితే అమ్మకు, కూతురికి, కోడలికి, లావు వారికి, సన్నవారికి అందరికీ సరిపోతుంది. మూడు తరాలు నిలిచే గుణం దానికి ఆ కొలత లేకపోవడం వల్లే వచ్చింది.

గాజువాక_గీత
కానీ పెట్టెలో మడతపెట్టి ఉంచి చివరకు చిట్లిపోయేదాకా చూడటం కన్నా, కత్తిరించి పదేళ్లు తొడుక్కోవడం మేలు కదా అమ్మా. మా ఇంట్లో అలాగే దాచి దాచి మూడు పట్టుచీరలు పిండి అయిపోయాయి. ఆ బాధతోనే చెబుతున్నాను.

కత్తెర_కొలత
అక్కయ్యపాలెంలో ముప్ఫై రెండేళ్లుగా కుట్టుపని చేస్తున్నాను. పైన ఇద్దరు చెప్పిన దానిలోనూ నిజముంది, అయితే తొమ్మిది గజాల చీర విషయంలో ఈ తగవు అవసరం లేదు. తొమ్మిది గజాలంటే సుమారు 8.2 మీటర్లు. ఇప్పుడు అందరూ కట్టే ఆరు గజాల చీర సుమారు 5.5 మీటర్లు. కొంగు వైపు నుంచి 5.5 మీటర్లు కొలిచి చీరగానే ఉంచుకుంటే, లోపలి చెరగు వైపు ఇంకా 2.7 మీటర్ల గుడ్డ మిగులుతుంది. అందులో మోకాళ్ల కిందికి వచ్చే కుర్తా ఒకటి హాయిగా వస్తుంది, సన్నగా ఉన్నవారికైతే ఒక రవికకు కూడా గుడ్డ మిగులుతుంది. చీర చీరగానే ఉంటుంది, కుర్తా అంచుతో సహా వస్తుంది. నా దగ్గరకు వచ్చే పాత తొమ్మిది గజాల చీరలన్నింటికీ నేను ఇదే చెబుతాను.

ఒక్క జాగ్రత్త. కత్తెర పెట్టే ముందు పోగు లాగి గీత తీయాలి. కంటి చూపుతో కోస్తే పాత నేత వాలుగా తెగి, ఉతికాక చెరగు వంకర పోతుంది. కోసిన వైపు వెంటనే మడిచి కుట్టాలి. పాత నూలుకు యంత్రంతో పీకో చేస్తే సూది ఘాతానికి పోగులు తెగుతాయి కాబట్టి ఆ ఒక్క చెరగు మాత్రం చేతికుట్టుతో చేయించండి.

మళ్లీ_విశాఖ
మేస్త్రి గారూ, ఈ లెక్క నాకు తట్టనే లేదు. మా అమ్మకు చదివి వినిపిస్తే ఆమె కూడా వెంటనే ఒప్పుకున్నారు. ఇప్పటిదాకా కత్తెర మాట ఎత్తితేనే ఆమె గదిలోంచి లేచి వెళ్లిపోయేవారు.

నూలుపోగు
నేను వస్త్ర సాంకేతికత చదువుకున్నదానిని. చలిబట్టల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి అది చెబుతాను.

మొదట మీ నాలుగు స్వెటర్లలో ఉన్నివి ఎన్నో, అక్రిలిక్‌వి ఎన్నో తేల్చుకోవాలి, ఎందుకంటే రెంటినీ దాచే పద్ధతి వేరు. లోపలి కుట్టు దగ్గర నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని వెలిగించండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలితే అది ఉన్ని. కరిగి ముద్దై, చల్లారాక గట్టి పూసలా మిగిలితే అది అక్రిలిక్ లేదా మరొక కృత్రిమ దారం. పట్టు కూడా ఉన్నిలాగే వెంట్రుకల వాసనతో కాలుతుంది, నూలు కాగితంలా కాలుతుంది.

అక్రిలిక్‌ను పురుగు తినదు. ఉన్నిని తింటుంది. తినేది ఎగిరే చిన్న బట్టల చిమ్మట కాదు, దాని గుడ్ల నుంచి వచ్చే లార్వా. దానికి కావలసిన కెరటిన్ అనే మాంసకృత్తు ఉన్నిలో ఉంటుంది, చెమట, కూర మరకలు ఉన్న చోటును అది మరింత ఇష్టపడుతుంది. అందుకే ఒక్కసారి వేసుకున్న స్వెటర్‌ను కూడా ఉతకకుండా లోపల పెట్టకూడదు. చల్లని నీటిలో, చాలా తక్కువ సబ్బుతో, పిండకుండా నొక్కి తీసి, తువ్వాలు మీద పరిచి నీడలో ఆరబెట్టాలి. కొక్కేనికి తగిలిస్తే తడి బరువుకు భుజాలు సాగిపోతాయి. దాచేటప్పుడు కూడా మడతపెట్టాలే తప్ప తగిలించకూడదు.

అనుమానం ఉంటే స్వెటర్‌ను పాలిథిన్ సంచిలో గాలి లేకుండా కట్టి ఫ్రీజర్‌లో వారం రోజులు ఉంచితే గుడ్లూ లార్వాలూ చనిపోతాయి. బయటికి తీశాక సంచి విప్పకుండా గది వేడికి రానివ్వాలి, లేకపోతే తేమ గుడ్డ మీద చేరుతుంది.

ఉక్కునగరం_మామయ్య
నిలిచే బట్టల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నా అనుభవం చెబుతాను. నేను 1978లో కుట్టించుకున్న టెరిలిన్ సఫారీ సూటు ఈనాటికీ ఒక్క పోగు జారలేదు, మడత నలగలేదు. ఇస్త్రీ అక్కరలేదు. నిలకడ అంటే అదే కదా? ఈ నూలు చీరలకు గంజి పెట్టాలి, ఇస్త్రీ చేయాలి, ప్రతి ఉతుకుకూ కొంత ఆయుష్షు తగ్గుతుంది.

నూలుపోగు
మామయ్య గారూ, టెరిలిన్ చిరగదన్న మాట నూటికి నూరు పాళ్లు నిజం. అయితే మన ఊళ్లో ఫాల్గుణం నుంచి గాలి నిండా తేమ ఉంటుంది, అప్పుడు చూడవలసింది ఒంటి చెమటను గుడ్డ ఎంత పీల్చగలదన్నది. సాధారణ గాలిలో పాలిస్టర్ తన బరువులో 0.4 శాతం తేమను మాత్రమే పట్టుకుంటుంది. నూలు సుమారు 8 శాతం, పట్టు 11 శాతం, ఉన్ని 16 శాతం పట్టుకుంటాయి. టెరిలిన్ కూడా పాలిస్టరే. అది యాభై ఏళ్లు నిలుస్తుంది కానీ మార్చి తర్వాత దానిని ఒంటి మీద ఉంచుకోలేము కాబట్టి అది నిలిచేది బీరువాలోనే. మీ సఫారీని డిసెంబరు సాయంత్రాలకు తీయండి, అప్పుడు అది మీకు అందంగా ఉంటుంది.

ఈ లెక్కలోనే మరొక విషయం కూడా ఉంది. ఉన్ని అంటే వేడి అని మనం భయపడతాము కానీ, పల్చని ఉన్ని శాలువాను ఏసీ ఆఫీసులో కప్పుకుంటే అది తేమను పీల్చుకుని ఒంటికి హాయిగా ఉంటుంది. మళ్లీ_విశాఖ గారు శాలువాలు రెండింటినీ దాచవద్దు. పల్చని దానిని రుషికొండ ఆఫీసు కుర్చీకి అంకితం చేయండి.

ఉక్కునగరం_మామయ్య
శాతాలు నాకు తెలియవు కానీ, 1980లో ఏప్రిల్ నెలలో ఆ సఫారీతో సింహాచలం చందనోత్సవం క్యూలో నిలబడిన రోజు గుర్తుకు వచ్చింది. మీ మాట ఒప్పుకుంటున్నాను. డిసెంబరుకే తీస్తాను.

బీచిరోడ్డు_బాటసారి
లెదర్ జాకెట్ గురించి ఎవరైనా చెప్పండి. నాది కూడా హైదరాబాద్‌లో కొన్నదే. పోయిన వర్షాకాలంలో ప్లాస్టిక్ కవరులో పెట్టి జిప్పు వేసి దాచాను. దసరాకు తీసి చూస్తే భుజాల నిండా తెల్లని బూజు పట్టి ఉంది.

పాత_భోషాణం
ఆ కవరే దాని పాలిట శత్రువు. సముద్రం పక్కన ఉన్న ఇళ్లలో ఏ వస్తువునూ ప్లాస్టిక్‌లో మూయకూడదు, లోపలి తేమ బయటికి పోదు. పాత కాటన్ చీర ముక్కతో గలీబులాంటి సంచి కుట్టి అందులో వేసి, వెడల్పు భుజాల హ్యాంగరుకు తగిలించాలి. బూజును బయట బాల్కనీలో పొడి బ్రష్‌తో దులిపి, పొడి గుడ్డతో తుడిచి, నీడలో గాలికి ఆరవేయి. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలను పారేయకుండా జేబుల్లో వేసి ఉంచు.

ఇనుప బీరువా గలవారు మరొకటి గుర్తుంచుకోవాలి. అరల మీద ముందు ఉతికిన పాత పంచె పరచాలి. ఉప్పుగాలికి పెయింటు లేచిన చోట తుప్పు పడుతుంది, ఆ తుప్పు మరక తెల్లచీర మీద పడితే నిమ్మరసం, ఉప్పు రాసినా పూర్తిగా పోదు. గంజి పెట్టిన చీరను ఎన్నడూ దాచకు. గంజి కోసం వెండిచేప పురుగు వస్తుంది. గంజి వదిలేలా రెండు నీళ్లలో జాడించి, బాగా ఆరాక దాచి, కట్టుకునే ముందు మళ్లీ గంజి పెట్టుకోవాలి.

గాజువాక_గీత
కలరా ఉండలు వేస్తే పురుగు రాదు కదా? మా ఇంట్లో ప్రతి అరలోనూ నాలుగేసి వేస్తారు.

సీతమ్మధార_శారద
నేను పిల్లల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. ఈ విషయం మీద గట్టిగా చెప్పక తప్పదు. కలరా ఉండలు చాలావరకు నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలకు ఆ వాసన పట్టిన బట్టలు చుట్టినా ఎర్ర రక్తకణాలు పగిలిపోయి, కామెర్లు తీవ్రంగా వచ్చే ప్రమాదం ఉంది. మన ఇళ్లలో పురిటి పిల్లలకు పొత్తిగుడ్డలుగా పెట్టేది అమ్మమ్మల మెత్తటి పాత చీరలనే, అవి వచ్చేది కూడా సరిగ్గా ఇటువంటి ట్రంకు పెట్టెల్లోంచే. పసిబిడ్డ ఉన్న ఇంట్లో దయచేసి ఈ ఉండలను వాడవద్దు. వాసన పట్టిన పాత చీరను పొత్తిగుడ్డగా వాడవలసి వస్తే, ముందు సబ్బుతో ఉతికి, ఆ వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఆరవేయండి. మా ఇంట్లో ఎండిన వేపాకు, లవంగాలు పల్చని గుడ్డలో మూటకట్టి అరల మూలల్లో ఉంచుతాము, మూడు నెలలకొకసారి మారుస్తాము. అవి ఉండలంత గట్టిగా పనిచేయవు, అందుకే ఉతికి దాచడం, మధ్య మధ్య తీసి చూడటం తప్పనిసరి.

పాత_భోషాణం
శారద గారు చెప్పింది నాకు కొత్త. మా మనవరాలికి ఆరో నెల. ఈ రోజే అరలన్నీ ఖాళీ చేయిస్తాను. జరీ మీద ఆ ఉండలు తగిలితే జరీ నల్లబడుతుందని మాత్రం మా కాలంలో చెప్పేవారు, అందుకే మేము కాగితంలో చుట్టి పెట్టేవాళ్లము.

మళ్లీ_విశాఖ
జరీ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా వీధికి పాత పట్టుచీరలు కొంటామంటూ ఒక వ్యాపారి వస్తున్నాడు. జరీ పట్టుచీర చూసి మంచి ధర చెప్పాడు. చీర అంచు కొంచెం నల్లబడింది. ఇచ్చేయవచ్చా?

నూలుపోగు
అతనికి కావలసింది చీర కాదు, అందులోని వెండి. అసలు జరీ అంటే సన్నని వెండి తీగను బల్లపరుపుగా సాగదీసి, పట్టుదారం చుట్టూ చుట్టి, పైన బంగారు పూత వేసినది. అటువంటి చీరలను కాల్చి వెండి తీసుకుంటారు. జరీ పోగు ఒకటి కొనగోటితో గీకి చూడండి. లోపల ఎర్రటి పట్టుదారం కనబడితే, పైపూత కింద తెల్లని వెండి మెరిస్తే అది అసలు జరీ. రాగి ఎరుపు కనబడితే అది రాగి తీగ జరీ. నల్లబడటం వెండి గుణం కాబట్టి ఆ ఒక్క కారణంతో చీరను తీసివేయవద్దు. కట్టుకున్నాక జరీ మీద సెంటు, డియోడరెంటు చల్లవద్దు.

బీచిరోడ్డు_బాటసారి
పాలిష్‌కు ఇచ్చేవారు కూడా ఒక్క మాట వినండి. మా అమ్మ పెళ్లినాటి చీరను నగరంలో ఒక డ్రైక్లీనింగ్ దుకాణానికి ఇచ్చాము. పాత చీర అని చెప్పకపోవడం మా తప్పే, కానీ వాళ్లు కూడా చూడకుండా వేడి రోలర్‌లో పెట్టారు. జరీ అణిగిపోయి, కొంగు దగ్గర పట్టు పగిలింది. అమ్మ ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు, ఆ చీరను మాత్రం మళ్లీ విప్పి చూడలేదు.

కత్తెర_కొలత
అటువంటి చీర ఉంటే పారేయకండి బాబూ. కొంగు పగిలినా అంచు బాగుంటుంది. అదే రంగు మంగళగిరి నూలు కొని, రెండు వైపులా ఆ అంచు వేసి ఇవ్వగలను. ముందుగా అమ్మగారి అనుమతి తీసుకోండి.

లంబసింగి_దారి
చింతపల్లి మండలంలో బడిపంతులుగా పనిచేస్తున్నాను. విశాఖలో జనవరి రాత్రి సాధారణంగా 18 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో కొన్ని తెల్లవారుజాములు సున్నాకు దగ్గరగా వెళతాయి. మా బడిపిల్లలలో చాలామంది పల్చని చొక్కాతోనే మంచులో నడిచి వస్తారు. మళ్లీ_విశాఖ గారికి అక్కరలేని స్వెటర్లు ఉంటే ఇక్కడ అవి ఎంతో విలువైనవి.

అయితే ఒక విన్నపం. పర్యాటకులు డిసెంబరులో సంచుల కొద్దీ బట్టలు తెచ్చి బడి దగ్గర దింపి వెళతారు. వాటిలో జిప్పులు లేనివి, చంకల్లో చిరిగినవి, ఉతకనివి సగం ఉంటాయి. వాటిని పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు నాకు తలెత్తాలనిపించదు. మీరు మీ తమ్ముడికి ఇవ్వగల స్థితిలో ఉన్నదే ఇవ్వండి. చలి ముగిశాక కాకుండా కార్తీకంలో ఇవ్వండి, అప్పటిదాకా మీ ఇంట్లోనే శుభ్రంగా దాచండి. మాకు ఆరు నెలలు భద్రపరిచే బీరువాలు లేవు.

గాజువాక_గీత
ఇది చదివాక సిగ్గుగా అనిపించింది. మా ఇంట్లో పాత బట్టలన్నీ స్టీలు సామాన్ల ఆమెకు వేసి గిన్నెలు తీసుకోవడం అలవాటు. ఆరు స్వెటర్లకు ఒక పాలగిన్నె వచ్చింది పోయిన ఏడాది.

లంబసింగి_దారి
అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదమ్మా. ఆ సామాన్ల ఆమె వాటిని బాగుచేసి మరొక ఊరి సంతలో అమ్ముతుంది, ఆ బట్ట ఎవరో ఒకరి ఒంటి మీదకే వెళుతుంది. నేను చెప్పింది చెత్తకుప్పలో వేయదగినవి తెచ్చి దానం పేరుతో దించేవారి గురించి మాత్రమే.

కంచరపాలెం_కుర్రాడు
పెట్టెనిండా పట్టుచీరలు, అసలు జరీలు ఉన్నవారి సంగతి బాగుంది. మా ఇంట్లో అటువంటి పెట్టె లేదు. నేను డిగ్రీ చదువుతున్నాను, ఉన్నవి మూడు ప్యాంట్లు, ఐదు పాలిస్టర్ చొక్కాలు, మార్చి వస్తే వాటితో బస్సులో నిలబడటం నరకం. నిలిచే నేతబట్ట కొనాలంటే ఒక్క చొక్కాకు నేను ఇప్పుడు కొనే మూడు చొక్కాల ధర అవుతుంది. నాలాంటివారికి ఈ చర్చలో ఏమైనా ఉందా?

కత్తెర_కొలత
ఉంది నాయనా. మీ ఇంట్లో తాతగారి పంచెలు ఉన్నాయా? ఎనిమిది మూరల పంచె అంటే నాలుగు గజాలు, సుమారు 3.6 మీటర్లు, పన్నా కూడా చొక్కాగుడ్డ కంటే వెడల్పు. సన్నటి కుర్రవాడికి ఒక నిండు చేతుల చొక్కా తీసి, మిగిలిన దానిలో చిన్నపిల్లవాడికి ఇంకొకటి తీయవచ్చు. పాత పంచె ఎన్నో ఉతుకులకు ముడుచుకునేదంతా ముడుచుకుని ఉంటుంది, కుట్టాక ఇక కొలత మారదు. అంచును చొక్కా గుండీల పట్టీ మీదకు తీస్తే అది ప్రత్యేకంగా కుట్టించుకున్నట్టు ఉంటుంది. పంచె లేకపోతే, పూర్ణా మార్కెట్ వైపు నూలు తాను ముక్కలు మిగిలినవి తక్కువకు దొరుకుతాయి. పగటి వెలుగులో విప్పి, చివరి దాకా చూసి కొనాలి.

కంచరపాలెం_కుర్రాడు
తాతగారి పంచెలు రెండున్నాయి, నాన్న వాటిని ఎవరికీ ఇవ్వనివ్వరు. చొక్కాగా నేను తొడుక్కుంటానంటే ఒప్పుకోవచ్చు. అడుగుతాను.

పొందూరు_మనవడు
కొత్తది కొనక తప్పని సందర్భం ఎప్పుడైనా వస్తుంది కాబట్టి మా ఊరి మాట చెబుతాను. విశాఖ నుంచి రైలులో వెళితే శ్రీకాకుళం రోడ్డుకు కొంచెం ముందు వచ్చే స్టేషన్లలో ఒకటి పొందూరు. మా నానమ్మ చివరిదాకా నూలు వడికింది. సన్నఖాదీకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్లు గింజ పక్కనున్న పీచును విరగకుండా వరుసలో పెడతాయి, దారం సన్నగా ఉండి కూడా నిలవడానికి మొదటి కారణం ఆ ఓపికే. నూరో నంబరు నూలు, అంటే చాలా సన్నని దారం, వడకడానికి ఎంత సమయం పడుతుందో దగ్గర కూర్చుని చూశాను కాబట్టి, దానికి అడిగే ధర ఎక్కువని నాకు ఎన్నడూ అనిపించలేదు. మా నానమ్మ చేతికి వచ్చింది మాత్రం ఆ ధరలో చాలా చిన్న భాగం, ఆ మాట కూడా చెప్పాలి.

మా నాన్న దగ్గర ఒకే పొందూరు చొక్కా ఉంది. పంతొమ్మిదేళ్లుగా వేసవిలో శుభకార్యాలన్నింటికీ అదే. మెడపట్టీ అరిగినప్పుడు ఒకసారి తిరగేసి కుట్టించారు. మెడపట్టీ తిరగేయడం ఇప్పటి దర్జీలలో ఎంతమంది చేస్తారో కత్తెర_కొలత గారే చెప్పాలి.

కత్తెర_కొలత
చేస్తాము, అడిగేవారే లేరు. పట్టీని విప్పి, అరగని వైపు పైకి తెచ్చి మళ్లీ కుట్టడం అరగంట పని. చొక్కాకు మరో నాలుగేళ్లు ఆయుష్షు వస్తుంది. కొత్త బట్ట కుట్టించేటప్పుడు కూడా పక్క కుట్లలో అంగుళం గుడ్డ లోపల వదలమని అడగండి. రెడీమేడ్ చొక్కాలో అది ఉండదు కాబట్టి ఒళ్లు చేస్తే దానిని వదులు చేయలేము.

మళ్లీ_విశాఖ
నాలుగు ఆదివారాలు గడిచాయి, చేసినది చెబుతాను. దారం కాల్చి చూస్తే నాలుగు స్వెటర్లలో రెండే ఉన్నివి, ఢిల్లీలో ఉన్ని అని చెప్పి అమ్మినవి రెండు పూసల్లా కరిగాయి. ఆ రెండూ బాగానే ఉన్నాయి, ఉతికి, గుండీలు సరిచూసి, కార్తీకంలో లంబసింగికి పంపడానికి వేరే సంచిలో పెట్టాను. పంతులు గారికి ఆ నెలలో ఇక్కడే కబురు చేస్తాను. కోటును చండీగఢ్‌లో చదువుతున్న మా పెద్దనాన్న కూతురికి పంపాను. లెదర్ జాకెట్‌కు అమ్మ పాత చీరతో సంచి కుట్టింది.

పదకొండు చీరలలో మూడు వెలుతురుకు పట్టగానే చిట్లిన గీతలు చూపించాయి, వాటి అంచులు తీసి ఉంచాను. గద్వాల అతుకు ఒక జానెడు వదులైంది, రఫ్ఫుకు ఇచ్చాను. వెంకటగిరి రెండూ కుంకుడు రసంతో ఉతికి గంజి పెట్టాను. వాటి మీదికి కొత్త రవికలు కుట్టించలేదు, నా దగ్గరే ఉన్న పెడన కలంకారీ రవిక, ఒక తెల్లని కాటన్ చొక్కా సరిపోయాయి. చొక్కా మీద వెంకటగిరి కట్టుకుని ఆఫీసుకు వెళితే నా పక్కన కూర్చునే అమ్మాయి, తన నానమ్మ పెట్టె కూడా దింపుతానని చెప్పింది. పట్టుచీర వ్యాపారికి ఇవ్వలేదు. గీకి చూస్తే ఎర్రదారం, దాని మీద వెండి. ఉగాదికి అమ్మ కడుతుంది.

తొమ్మిది గజాల చీరలు మాత్రం ఇంకా మిగిలాయి. మేస్త్రి గారూ, ఈ శనివారం తీసుకురావచ్చా? తెచ్చే ముందు ఉతకాలా?

కత్తెర_కొలత
తీసుకురండమ్మా, ఉదయం పదకొండు లోపు అయితే వెలుతురు బాగుంటుంది. ఉతకవద్దు, పాత మడతలతోనే తేవాలి. కొంగు ఏ వైపో, కుచ్చిళ్లు ఏ వైపు అరిగాయో ఆ మడతలే చెబుతాయి. కుర్తా కోసం కొలతకు మీకు వదులుగా ఉండే పాత కుర్తా ఒకటి, చీర కొలత చూడటానికి మీ అమ్మగారిని కూడా వెంట తీసుకురండి.